తీసేస్తారట

తీసేస్తారట. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె బస్సెక్కింది. జడ సగమే అల్లుకుంది, మిగతా సగం భుజం మీద చిక్కుపడి ఉంది. చెప్పులు మాత్రం ఒకే జతవి వేసుకుంది, అదీ సీట్లో కూర్చున్నాక కిందికి చూసుకుంటే తెలిసింది. తొమ్మిదికి ఇంకా పది నిమిషాలున్నాయనగా ఆసుపత్రి నుంచి ఆయన ఫోన్ చేశాడు. "తొమ్మిదిన్నరకి మిషను తీసేస్తారట. వచ్చెయ్. ఇదిగో, పిలుస్తున్నారు" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేశాడు. ఎందుకు తీసేస్తారు అన్న ప్రశ్న ఆమె గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మే అడగలేదు. వెంటనే తిరిగి చేస్తే స్విచాఫ్. అవును మరి, పిల్లల ఐసీయూ తలుపు దగ్గర నీలం బుట్ట ఒకటుంటుంది, లోపలికి వెళ్లేవాళ్లు ఫోను ఆపి అందులో వేసి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని వెళ్లాలి. ఆ బుట్టలో ఇప్పుడు ఆయన ఫోను పగిలిన అద్దంతో బోర్లా పడి ఉంటుంది. ఆసుపత్రి నంబరుకి చేస్తే ఎవరో అమ్మాయి ఎంతో మర్యాదగా, పేషెంట్ల వివరాలు ఫోన్లో చెప్పమండీ అంది. మర్యాదకేం లోటు లేదు. మా అమ్మాయి కోలుకుందని తీసేస్తున్నారా, ఇక కోలుకోదని తీసేస్తున్నారా, ఆ రెండింట్లో ఏదో ఒక్కటి చెప్పు తల్లీ చాలు, అని అనేలోపే ఆ అమ్మాయి మర్యాదగానే పెట్టేసింది.

బస్సు కదిలింది. గంటంబావు దారి. ఎంత తొందరపడ్డా తొమ్మిదిన్నరకి ఆమె అక్కడ ఉండదు. ఆ లెక్క ఆయనకు తెలియదా? తెలిసే అలా చెప్పాడా, చూడకపోతేనే మంచిదని? ఏమో, ఆయన మాటల్లోంచి ఇంత అర్థం పిండడం ఎవరి తరం. బోర్డులు రాసే మనిషి. కొట్ల పేర్లు, డాక్టర్ల పేర్లు, గేటు ముందు బండ్లు పెట్టరాదులు. రేకు మీద చోటు చాలదు కాబట్టి మాటల్ని కుదించీ కుదించీ చివరికి నాలుకకి కూడా అదే అలవాటయింది. అక్షరానికో డబ్బా రంగు అయిపోతుందన్నట్టు మాట్లాడతాడు. పాప పుట్టిన రోజున ఏం చేశాడు? నర్సు బిడ్డను తెచ్చి చూపించగానే బయటికి పరుగెత్తి, ఇంట్లో కాచుకుని ఉన్న తల్లికి ఫోన్ చేసి, బొంగురు గొంతుతో, "అమ్మా, అయిపోయింది" అన్నాడు. అత్తయ్య ఫోను వదిలేసి కూలబడిపోయింది. పక్కింటివాళ్లు వచ్చి మొహాన నీళ్లు చల్లారు. అరగంట సేపు ఇల్లంతా శోకాలు. ఎవరో బుద్ధిమంతుడు మళ్లీ ఫోన్ చేసి, ఏమయిపోయిందిరా అని గద్దిస్తే, "కాన్పు" అన్నాడట. ఆ తరవాత ఏడేళ్లుగా అది ఇంట్లో పెద్ద నవ్వులాట. పాప కూడా పాలు తాగిన గ్లాసు పెడుతూ, ఏడుపు గొంతు తెచ్చుకుని, అయిపోయిందమ్మా అయిపోయింది అని మూలిగేది. ఇదీ అలాంటిదే అయి ఉంటుంది. అయి ఉండాలి. కానీ మామయ్య పోయిన రోజున కూడా ఆయన ఇంతే, ఫోన్ చేసి, "నాన్న లేడు" అన్నాడు. ఎక్కడికెళ్లారండీ అని ఆమె అడిగింది. ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు మొహం చెల్లదు. చావు కబురు చల్లగా చెప్పడమంటే అది. సంతోషానికీ దుఃఖానికీ మనిషికి ఒకటే గొంతు ఉంటే పక్కనున్నవాళ్లు ఏం తెలుసుకుని చస్తారు.

పక్క సీట్లో ఒకావిడ ఒళ్లో మొక్క పెట్టుకుని కూర్చుంది. ప్లాస్టిక్ బకెట్‌లో మట్టి, మట్టిలో మోకాలంత మొక్క, బస్సు ఊగినప్పుడల్లా దాని ఆకు ఈమె చెంపకు తగులుతోంది. పక్కకి జరపమని అనబుద్ధి కాలేదు. తగలనీ. తన ఒళ్లో గుడ్డసంచి ఉంది, సంచిలో గౌను. నిన్న రాత్రి కుట్టింది. పది రోజుల తరవాత నిన్ననే ఇంటికి వచ్చింది, అదీ తనంతట తాను రాలేదు. పెద్ద సిస్టర్ భుజాలు పట్టుకుని లిఫ్టు దాకా తోసింది. "వెళ్లి తలంటుకుని, కడుపునిండా తిని, ఒక్క రాత్రి పడుకుని రామ్మా. నువ్వు పడిపోతే నిన్నెక్కించడానికి మా దగ్గర ఇంకో మిషను లేదు" అంది. ఇంటికొచ్చి తలంటుకోలేదు, తినలేదు, తిన్నగా వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంది. మెత్తటి పసుపు నూలుగుడ్డ. ముందునుంచి పూర్తిగా తెరుచుకునేట్టు, భుజాల మీద కూడా విడిపోయేట్టు, కాజాలూ గుండీలూ లేకుండా అన్నిచోట్లా కట్టుకునే తాళ్లే పెట్టి. మెడలో గొట్టాలున్న పిల్లకి తలమీంచి తొడిగే గౌను ఎలా వేస్తారు మరి. పదమూడేళ్లుగా ఊరి ఆడపిల్లలందరికీ కుట్టింది కానీ ఇలాంటి కొలతలు ఎవరూ ఇవ్వలేదు. పక్క కుట్టు ఒకటి వంకర పోయింది, విప్పింది, మళ్లీ కచ్చాకుట్టు వేసి పెట్టుకుంది, పొద్దున లేచి అసలు కుట్టు వేసేసింది కానీ కచ్చాకుట్టు తీసే తీరిక లేకపోయింది. తెల్లటి పొడుగు కుట్లు ఇంకా అలాగే ఉన్నాయి. కచ్చాకుట్టు ఎప్పుడు తీసేస్తాం? అసలు కుట్టు పడ్డాకే కదా. బట్ట తనంతట తాను నిలబడుతుందని తెలిశాకే కదా. ఆ ఆలోచన రాగానే ఆమెకు ఎక్కడలేని ప్రాణం లేచివచ్చింది, సంచిని పొట్టకేసి అదుముకుంది. రెండు స్టాపులు దాటేదాకా ఆ ధైర్యం నిలిచింది. మూడో స్టాపులో, బట్ట పనికిరాదనుకున్నప్పుడూ కుట్లు విప్పేస్తాం కదా, అని ఆమెకే తట్టింది. విప్పి, గుడ్డ మడతపెట్టి, ఇక దీంతో ఏమీ కాదండీ అని ఇచ్చేస్తాం.

మిషను అంటే పదకొండు రోజుల కిందటి దాకా ఆమెకు కుట్టుమిషనే. ఇప్పుడు ఆ మాట వినగానే పాప మంచం పక్కనున్నదే కళ్లకు కడుతుంది. జ్వరంతో వచ్చిన వైరసేదో గుండె కండరానికి పాకిందనీ, గుండె వాచి రక్తాన్ని తోయలేకపోతోందనీ, దానికి కొన్నాళ్లు సెలవిచ్చి, గుండె చేసే పనీ ఊపిరితిత్తులు చేసే పనీ ఈ మిషను చేత చేయిస్తామనీ చిన్న డాక్టరు చెప్పింది. చిన్న డాక్టరంటే వయసులో చిన్నే, ఈమె కంటే కూడా. "ఇది మందు కాదమ్మా, గడువు. ఈ గడువులో గుండె తేరుకోవాలి. ఎక్కువ రోజులు ఉంచలేం, రక్తం గడ్డ కడుతుంది, లేదంటే ఎక్కడో కారుతుంది. తేరుకోకపోతే..." అని ఆ పిల్ల అక్కడ ఆగి పెన్ను మూత తీసి, పెట్టి, తీసింది. మెడ దగ్గర రెండు గొట్టాలు. ఒకదాంట్లోంచి నల్లబడ్డ ఎరుపు బయటికొస్తుంది, మిషనులో తిరిగి రెండోదాంట్లోంచి నిగనిగలాడే ఎరుపు లోపలికెళ్తుంది. ఆ రెండు రంగుల రీళ్లూ తన దారాల డబ్బాలో ఉన్నాయి, మొన్నటిదాకా వాటిని పక్కపక్కన చూసి కూడా ఏమీ అనిపించలేదు. మిషను పక్కన ఎత్తు స్టూలు మీద పంపాయన. ఆయన అసలు ఉద్యోగం పేరేదో పొడుగ్గా ఉంది, నోరు తిరక్క ఆమె పంపాయన అనేసింది, ఆయనా పలికేశాడు. గంటగంటకీ అంకెలు రాసుకుంటాడు, చిన్న టార్చి వేసి గొట్టాల పొడుగునా వెతుకుతాడు, ఎక్కడైనా నలుసంత గడ్డ కనిపిస్తుందేమోనని, బియ్యంలో రాళ్లేరినంత ఓపికగా.

మొదటిరోజు ఆమె పాప చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద బొటనవేలు పెట్టి చూసి, కేక పెట్టింది. నాడి లేదు. ఒళ్లు వెచ్చగా ఉంది, పెదాలు ఎర్రగా ఉన్నాయి, నాడి మాత్రం లేదు. పంపాయన స్టూలు దిగి వచ్చాడు. "కంగారుపడకండమ్మా. గుండె అయితే ఉండుండి తోస్తుంది, అందుకని కొట్టుకున్నట్టు తెలుస్తుంది. ఇది ఆగకుండా ధారగా తోస్తుంది, కుళాయి విప్పినట్టు. అందుకే చేతికి ఏమీ తగలదు. పాప బానే ఉంది." తరవాత ఆమె చెయ్యి చూసి, "అయినా బొటనవేలు పెట్టి చూడకూడదమ్మా. దానికి సొంత నాడి ఉంటుంది. మీది కొట్టుకుంటుంటే పాపదనుకుంటారు. ఈ మూడు వేళ్లూ పెట్టాలి" అని తన వేళ్లు చూపించాడు. అప్పటినుంచి రోజూ మూడు వేళ్లూ పెట్టి చూసేది. ఏమీ లేదు. తెరమీద ఎర్రగీత కూడా అలాగే, ఇస్త్రీ చేసినట్టు చదునుగా. కానీ నిన్న సాయంత్రం, పెద్ద సిస్టర్ వెళ్లు వెళ్లు అని తొందరపెడుతుంటే, గబగబా వంగి పాప చెయ్యి పట్టుకున్నప్పుడు, ఏదో తగిలింది. చీమ కుట్టినంత. ఒకసారి. మళ్లీ ఒకసారి. ఏ వేలు పెట్టాను? అదే గుర్తురావడం లేదు. బస్సులో కూర్చుని తన కుడిచెయ్యి గాల్లో అలాగే పట్టుకుని చూసింది, అలాగే వంగినట్టు, అలాగే పట్టుకున్నట్టు. బొటనవేలే ముందుకొచ్చింది. పదమూడేళ్లుగా గుడ్డ పట్టుకున్న చెయ్యి, హడావిడిలో ఏం పట్టుకున్నా బొటనవేలితోనే పట్టుకుంటుంది. అయితే అది తనదే. తన నాడే. ఎవరికీ చెప్పకపోవడమే మంచిదయింది.

మొక్కావిడ బకెట్ కొంచెం అటు జరిపి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? మొహమంతా అలా పాలిపోయింది" అంది. ఏమీ లేదండీ అందామనుకుంది. నోరు మాత్రం, "మా అమ్మాయి ఆసుపత్రిలో ఉందండీ. ఏడేళ్లు. ఇవాళ మిషను తీసేస్తారట" అంది. "అమ్మయ్య! తగ్గిందన్నమాట!" అంది మొక్కావిడ. సరిగ్గా అదే క్షణంలో ముందు సీట్లోంచి ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "అయ్యో, ఏడేళ్లేనా" అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన మెల్లగా ముందుకి తిరిగి కూర్చున్నాడు. మొక్కావిడ ఇంకేదో అనబోయి ఆకు మీద లేని దుమ్ము తుడిచింది.

మొన్న మూడో మంచం పసిబిడ్డకి కూడా తీసేస్తాం అన్నారు. పుట్టుకతోనే గుండె సరిగా లేని బిడ్డ, గుప్పెడంత మొహం. వాళ్ల నాన్నని చిన్న గదిలోకి పిలిచారు. ఐసీయూ బయట ఒక చిన్న గది ఉంది, రెండు సోఫాలు, కిటికీ లేదు, గోడమీద ఏదో సముద్రం బొమ్మ. అక్కడ కూర్చునే తల్లులందరికీ తెలుసు, నిలబెట్టి చెప్తే మామూలు సంగతి, చిన్న గదిలోకి పిలిచి కూర్చోబెట్టి చెప్తే కాదు. ఆయన వెళ్లి వచ్చి భార్యతో, తీసేస్తారట, అనే అన్నాడు. ఆవిడ, నేను చూడలేను, మీరే ఉండండి, అని మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది. ఈమె వెళ్లి పక్కన కూర్చుంది. ఆవిడ చీరంచు ఊడి వేలాడుతుంటే, సంచిలోంచి సూదీ దారం తీసి, అక్కడే, ఆ మెట్ల మీదే, ఆ అంచు కుట్టింది. ఆవిడ వద్దనలేదు. తెర లాగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఇదిగో, పిలుస్తున్నారు, అన్నాడు ఆయన పొద్దున. ఎక్కడికి పిలుస్తున్నారు? చిన్న గదిలోకా? తల్లి లేకుండా తీసేయరులే, తల్లి వచ్చేదాకా ఆగుతారు, అలా అయితే కచ్చితంగా ఆగుతారు, అని ఆమె తనకు తాను గట్టిగా చెప్పుకుంది. మరి మూడో మంచం తల్లి మెట్ల మీదే ఉంది కదా. ఆయన కూడా అలాగే అన్నాడేమో, మా ఆవిడ తట్టుకోలేదు, వచ్చేలోపు కానివ్వండి, అని. అంటాడు. ఆమెను నొప్పించకుండా ఉండడానికి ఆ మనిషి ఎంత పనైనా చేస్తాడు, ఒక్క పూర్తి వాక్యం మాట్లాడడం తప్ప.

రైలు గేటు పడింది. బస్సు ఇంజను ఆపేశాడు డ్రైవరు. డ్రైవరు తలమీద గడియారంలో తొమ్మిదీ ఇరవై ఎనిమిది. పాపకి గుండీ అని పేరుపెట్టింది ఎవరో కాదు, ఆమే. ఏడాదిన్నర వయసులో కుట్టుమిషను కింద పాకుతూ నీలంరంగు గుండీ ఒకటి మింగేసింది. గుండె గుభేలుమని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తితే అక్కడి డాక్టరు నవ్వి, రెండ్రోజులు ఆగండి, అదే వస్తుందన్నాడు. రెండ్రోజులు ఆగారు, వచ్చింది. ఆ గుండీని కడిగి ఇప్పటికీ దారాల డబ్బాలో దాచింది. అప్పటినుంచి బడిలో తప్ప ఆ పిల్లకి వేరే పేరు లేదు. గుండీ గుండె వాచిందట అని అత్తయ్య బంధువులకు చెప్తుంటే సగం మందికి అర్థం కాలేదు. ఎవరు చూసినా గుండె దిటవు చేసుకో, గుండె రాయి చేసుకో అనేవాళ్లే. ఈ గుండెను ఎన్ని మాటలకు వాడేశాం, అనుకుంది. చీటికీ మాటికీ గుండె ఆగిపోయింది, గుండె జారిపోయింది, గుండె బద్దలయింది. పక్కింటి పిల్లి దూకితే గుండె ఆగిపోయిందనేది తను. నిజంగా ఆగిన గుండెని చూశాక ఆ మాటల్లో ఒక్కటీ నోటికి రావడం లేదు. గుండె అంటే గుప్పెడు కండ, అది వదలకుండా తోయాలి, తోయలేకపోతే పిల్ల చల్లబడిపోతుంది, అంతే దాని సంగతి.

తొమ్మిదిన్నర. ఇప్పుడు తీస్తున్నారు. ఆమె కళ్లు మూసుకుంటే మెట్లు కనిపించాయి. ఆసుపత్రి మెట్లు కాదు, ఇంటి మెట్లు. ఆ రోజు సోమవారం. పొద్దున్నే కడుపునొప్పి అంది గుండీ. శనివారం నుంచీ అంటోంది, రెండుసార్లు కక్కింది కూడా. జ్వరం తగ్గిపోయింది కదా, సోమవారం లెక్కల పరీక్ష ఉంది కదా, ఆమెకు అంతా తెలిసిపోయినట్టే అనిపించింది. బడి సంచి మరచిపోయి కిందికి దిగితే, పైకి వెళ్లి తెచ్చుకో పో, నాటకాలాడకు, అంది. మూడంతస్తులు. పిల్ల ఎక్కింది. ఒక్కో మెట్టు మీదా ఆగి ఎక్కింది. కింద నిలబడి ఈమె, ఏమిటా నడక, పెళ్లికూతురివా, అని అరిచింది. పైనుంచి, "నిజంగా అలిసిపోయానమ్మా" అని వినిపించింది. ఆ మాట విన్నది. విని కూడా ఇంకోసారి కసిరింది. సంచి తెచ్చుకుని దిగాక పిల్ల పెదాలు నేరేడు రంగులో ఉన్నాయి. చిన్న డాక్టరు తరవాత చెప్పింది, పిల్లల్లో ఇది కడుపునొప్పిలాగే వస్తుందమ్మా, మేమే పొరబడతాం, మీ తప్పేం లేదు, అని. ఆ అమ్మాయి మంచిది, అలాగే చెప్తుంది. కానీ నాటకాలాడకు అన్న నోరు డాక్టరుది కాదు. దేవుడా, ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ పిల్ల లేచి నాతో నిజంగా నాటకమాడాలి, కడుపునొప్పని పడుకుని, నేను అటు తిరగగానే లేచి గెంతాలి, నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను, లెక్కల పరీక్షలన్నీ తగలబడనీ. కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. మొక్కావిడ తన కొంగు ఆమె చేతిలో పెట్టింది. రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది. ఆమె ఎడమ మణికట్టు మీద కుడిచేతి బొటనవేలు నొక్కిపట్టి ఉంది, ఎప్పుడు పెట్టిందో తెలియదు. దడదడా కొట్టుకుంటోంది. నాదెందుకు కొట్టుకోవడం, అనుకుంది. దానిది కొట్టుకోకుండా.

ఆసుపత్రి ముందు దిగేసరికి పదీ పదిహేను. లిఫ్టు ఎక్కడో అయిదో అంతస్తులో ఉంది. మెట్లెక్కింది. మూడంతస్తులు. ఒక్కో మెట్టు మీదా ఆగకుండా ఎక్కింది, ఊపిరి అందకపోతే అందకపోనీ అని ఎక్కింది. తలుపు తోసుకుని కారిడార్‌లోకి వచ్చేసరికి గోడవారగా మిషను నిలబడి ఉంది. తెర నల్లగా ఉంది. గొట్టాలు లేవు. టార్చి మాత్రం పిడికి వేలాడుతోంది. పదకొండు రోజుల్లో అది ఆగగా ఆమె చూడలేదు. వెళ్లి దానిమీద చెయ్యి వేసింది, ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది. పక్కన బల్లమీద పంపాయన బూట్లు విప్పేసి, చేతిలో సగం కొరికిన బన్నుతో, గోడకి తల ఆనించి నిద్రపోతున్నాడు. బిడ్డ పోతే ఎవరైనా ఇలా బన్ను తింటూ నిద్రపోతారా? ఏమో, అలసిపోయినవాడు ఎలాగైనా నిద్రపోతాడు. అంతలో ఐసీయూ తలుపు తెరుచుకుని ఆయన వచ్చాడు. మోచేతులనుంచి నీళ్లు కారుతున్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమెను చూసి అదే బొంగురు గొంతుతో, "వచ్చావా. తీసేశారు" అన్నాడు.

"ఎందుకు తీసేశారో చెప్పవేం నువ్వు!" అని అరిచింది ఆమె. పెళ్లయిన పదేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. పంపాయన ఉలిక్కిపడి లేచాడు, బన్ను కిందపడింది.

"ఎందుకేంటి? అక్కర్లేదుగా" అన్నాడు ఆయన అయోమయంగా. ఆమె మొహం చూశాడు, సగం అల్లిన జడ చూశాడు, ఛాతీకి హత్తుకున్న సంచి చూశాడు. ఆ గంటంబావు ఆమె ఏ భయంతో కూర్చుని వచ్చిందో అప్పటికి ఆయన బుర్రకెక్కింది. రంగు మరకల చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "అమ్మో. నువ్వు... అలా అనుకున్నావా?" ఆయన దగ్గరికొచ్చి ఆమె రెండు భుజాలూ పట్టుకుని, చిన్నపిల్లకి పాఠం చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "పొద్దున అయిదింటికి మిషను తగ్గించడం మొదలుపెట్టారు. సగం చేశారు. పావు చేశారు. చివరికి గొట్టాలకి క్లిప్పులు పెట్టి అసలు ఆపేసి చూశారు. గుండీ గుండె ఆగలేదు. తనంతట తానే తోసుకుంటోంది. ఇక మిషను అవసరం లేదని తీసేశారు. తీసేటప్పుడు కూడా ఆగలేదు. బతికే ఉంది. మన గుండీ బతికే ఉంది. నాకు మాట్లాడడం రాదు, నన్ను తిట్టు."

తన జన్మలో ఆయన అంత పొడుగు బోర్డు రాయలేదు. ఆమె కూలబడి కూర్చుంది, నవ్వూ ఏడుపూ కలిసి గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది విని తలుపు సందులోంచి పెద్ద సిస్టర్ తొంగిచూసి, "అక్కడ కూర్చుని ఏడిస్తే లోపలున్నదానికి గౌను ఎవరు వేస్తారు? తెచ్చావా లేదా?" అంది. ఆమె కారిడార్ నేలమీదే గౌను పరిచి, తెల్లటి కచ్చాకుట్లు ఒక్కొక్కటీ లాగేసింది. పక్క కుట్టు నిలబడింది. సిస్టర్ గౌను అందుకుని ఇటూ అటూ తిప్పి, "ముందునుంచి తెరుచుకుంటుంది, బాగుంది, రోజూ కట్టు మార్చాలి మెడకి. గుండీలు పెట్టలేదేం?" అంది. "ఒకటుంది కదండీ లోపల, చాలు" అంది ఆమె. పంపాయన నవ్వాడు. సిస్టర్ వెనకే బయటికొచ్చిన చిన్న డాక్టరు మాత్రం నవ్వలేదు, ఇంకా మూడు రోజులు జాగ్రత్తగా చూడాలమ్మా, ఊపిరికి గొట్టం ఇంకా ఉంది, మళ్లీ నీరసపడితే మళ్లీ పెట్టాల్సిరావచ్చు, ఇప్పుడే అందరికీ చెప్పేయకండి, అంది. చెప్పను, ఎవరికీ చెప్పను, అని ఆమె తల ఊపింది.

మోచేతుల దాకా రుద్దుకుని లోపలికి వెళ్లింది. మంచం పక్కన ఎత్తు స్టూలు ఖాళీగా ఉంది. మెడకి తెల్లటి కట్టు. పదకొండు రోజులుగా చెవుల్లో గుయ్యిమంటున్న చప్పుడు లేకపోయేసరికి గదిలో ఏదో లోటుగా అనిపించింది. తెరమీద ఎర్రగీత చదునుగా లేదు, చిన్నచిన్న గుట్టలు గుట్టలుగా పోతోంది. దాన్ని నమ్మలేదు ఆమె. వంగి పాప మణికట్టు పట్టుకుంది. అలవాటుగా బొటనవేలే ముందు పడింది, కొట్టుకుంది. తీసేసింది. చీరకి తుడుచుకుని, పంపాయన చూపించినట్టు మూడు వేళ్లు, మెత్తగా, గుడ్డమీద గీత గీయబోయే ముందు ఆనించినట్టు ఆనించింది. కాసేపు ఏమీ లేదు. ఇంకాస్త నొక్కింది. తగిలింది. మళ్లీ తగిలింది. తొందరతొందరగా, చిన్నగా, మెట్లెక్కి వస్తున్నట్టు. నాటకం కాదమ్మా, అంది ఆమె పాప చెవిలో, నాకు తెలుసు, నాటకం కాదు. ఆయన వెనక నిలబడి, "నీదేమో" అన్నాడు భయంభయంగా. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాది కాదు" అంది. "దానిదే."